చక్రాలపై రాజభవనం: చూడవలసినది, అడగవలసినది

దేశాటనం విద్యలో ఒక భాగమని మన పెద్దలు ఏనాడో చెప్పినారు. గ్రంథాలయంలో నెలల తరబడి చదివినను బోధపడని విషయం ఒక్కొక్కప్పుడు ఒక కోట గుమ్మం ముందు నిలిచిన అరగంటలో బోధపడుతుంది. ఉర్దూలో 'సఫర్' అన్నను, తెలుగులో 'యాత్ర' అన్నను కేవలం ఒక ఊరి నుండి మరియొక ఊరికి పోవుట మాత్రమే కాదు. పోయి వచ్చినవాడు కొంత తెలివిడితో తిరిగి రావలెనన్న ఆశ కూడా ఆ మాటలలో ఉన్నది. ఐతే ఏ విధంగా ప్రయాణం చేస్తే ఆ తెలివిడి కలుగుతుంది? ఏమి చూస్తే నిజంగా చూచినట్లు? ఈ ప్రశ్నలను ఒక ప్రసిద్ధమైన రైలుబండిని ఆధారం చేసికొని మా విద్యార్థుల ముందును, కళాశాల కమిటీ పెద్దల ముందును ఉంచదలచినాము.

ఆ బండి పేరు 'ప్యాలెస్ ఆన్ వీల్స్'. చక్రాలపై రాజభవనమని దానిని తెలుగులో చెప్పుకొనవచ్చును. 1982 జనవరి 26న భారతీయ రైల్వేలును, రాజస్థాన్ పర్యాటక అభివృద్ధి సంస్థయును కలిసి దానిని ప్రారంభించినవి. పూర్వం సంస్థానాధీశులు తమ స్వంత ప్రయాణాలకు వాడుకొనిన సెలూన్ పెట్టెలను సేకరించి, బాగుచేయించి, మీటరు గేజి పట్టాలపై ఆవిరి ఇంజనుతో నడిపించినారు. 1991లో ఆ పాతపెట్టెల స్థానంలో క్రొత్తవి వచ్చినవి. రాజస్థాన్ రైలుమార్గాలు బ్రాడ్ గేజికి మారుతుండగా 1995లో బ్రాడ్ గేజి బండి బయలుదేరినది. కరోనా వ్యాధి కారణంగా 2020 మార్చిలో ఆగిపోయి 2022లో మరల నడిచినది. ఢిల్లీలో బయలుదేరి జైపూర్, సవాయి మాధోపూర్, చిత్తోర్‌గఢ్, ఉదయపూర్, జైసల్మేర్, జోధ్‌పూర్, భరత్‌పూర్, ఆగ్రాలను చూపి 7 రాత్రుల అనంతరం తిరిగి ఢిల్లీ చేర్చుట దాని ప్రసిద్ధమైన క్రమం. రాత్రి ప్రయాణం, పగలు దర్శనం. పెట్టెలకు పూర్వపు సంస్థానాల పేర్లు పెట్టినారు. భోజనశాలలు రెండింటిలో ఒకటి 'మహారాజా', మరియొకటి 'మహారాణీ'. మనిషి ఒక్కంటికి ఛార్జీ లక్షలలో ఉంటుంది. ఈ బండి విజయం చూచి మహారాష్ట్రలో 2004లో డెక్కన్ ఒడిస్సీ, కర్ణాటకలో 2008లో గోల్డెన్ చారియట్, తరువాత 2010లో మహారాజాస్ ఎక్స్‌ప్రెస్ అను బండ్లు పట్టాలెక్కినవి.

ప్రారంభించిన తేదీని గమనించండి. అది గణతంత్ర దినోత్సవం. 1971లో 26వ రాజ్యాంగ సవరణ ద్వారా పూర్వపు రాజుల గుర్తింపును, రాజభరణాలను ప్రభుత్వం రద్దుచేసినది. ఆ పిమ్మట పదేండ్లకు, గణతంత్ర దినం నాడే, రాజుగారి పెట్టెలో ప్రజలు కూర్చొనవచ్చునని ప్రకటించినారు. ఒక విధంగా ఇది ప్రజాస్వామ్య విజయమే. నిన్నటివరకు పుట్టుకతో మాత్రమే లభించిన ఆసనం నేడు టిక్కెట్టుతో లభిస్తున్నది. కాని ఆ టిక్కెట్టు కొనగలవారు ఎందరు? పుట్టుక కూర్చున్న చోట రొక్కం కూర్చున్నది, అంతమాత్రమే.

ఈ బండిని నిందించుట మా ఉద్దేశం కాదు. మేము అట్టి బండి ఎక్కినవారము కాము. ఎక్కనందుకు విచారించినవారమును కాము. విదేశాల నుండి వచ్చువారి సొమ్ము దేశానికి అవసరమే. వంటవారికి, మార్గదర్శకులకు, వాహన చోదకులకు, చేనేత వర్తకులకు దాని వలన కొంత జీవనోపాధి కలుగుతున్నది. రాజభరణాలు పోయిన తరువాత ఎన్నియో భవనాలు పాడుపడి గబ్బిలాల పాలు కావలసినవే. ఉదయపూర్‌లో పిఛోలా సరస్సు నడుమ మహారాణా రెండవ జగత్ సింగ్ 1740 దశకంలో కట్టించిన జగ్ నివాస్, 1960 దశకంలో హోటలుగా మారినది కనుకనే నేడు సున్నం రాలకుండా నిలిచి ఉన్నది. ఈ మేలును కాదనుట న్యాయం కాదు.

మా ఆక్షేపణ వేరు. ఆ బండి ఎక్కలేనివారికి కూడా అది ఒక విధమైన చూపును నేర్పినది. 8 దినాలలో 8 నగరాలు, ఒక్కొక్క నగరంలో ఒక అంతఃపురం, ఒక ఆయుధశాల, ఒక ఏనుగు, ఒక ఛాయాచిత్రం, ఒక దుకాణం. చవక బస్సులలో పోవు విహారయాత్రలు కూడా నేడు ఈ నమూనానే అనుకరిస్తున్నవి. మన కళాశాలల విజ్ఞానయాత్రలును దీనికి దూరంగా లేవు. బస్సు దిగి, రాజుగారి ఖడ్గం బరువెంతో విని, రాణిగారి అద్దాల గదిని చూచి, మరల బస్సెక్కి వచ్చిన విద్యార్థి ఆ ఊరిలో రాజు కాక మరెవ్వరును బ్రతుకలేదని తలచిన ఆ తప్పు అతనిది కాదు. రాజభవనాన్ని రాజు కన్నులతో చూచుట ఒక్కటే మనము అతనికి నేర్పినాము.

చారిత్రక కట్టడం ముందు నిలిచిన విద్యార్థి నాలుగు ప్రశ్నలు అడుగవలెనని మా అభిప్రాయం. దీనిని కట్టిన చేతులు ఎవరివి? కట్టిన కాలంలో ప్రజల స్థితి ఎట్లున్నది? ఇక్కడివారికి నీరు ఎక్కడి నుండి వచ్చినది? నేడు దీని మీద ఆధారపడి బ్రతుకుచున్నవారు ఎవరు? రాజస్థాన్ నగరాలు ఈ నాలుగింటికిని చక్కని సమాధానాలు ఇస్తవి. ఒక్కొక్కటిగా పరిశీలింతము.

మొదటి ప్రశ్న కట్టిన చేతులను గురించినది. జైపూర్ నగరానికి 1727లో సవాయి జైసింగ్ శంకుస్థాపన చేసినాడని ప్రతి మార్గదర్శకుడును చెప్పుతాడు. తిన్నని వీథులతో, చతురస్రాలైన పేటలతో ఆ నగరాన్ని రూపొందించుటలో విద్యాధర భట్టాచార్య అను వంగదేశీయ పండితుని పాత్ర ఎంతయో ఉన్నదని చెప్పువారు తక్కువ. 1799లో సవాయి ప్రతాప్ సింగ్ కట్టించిన హవామహల్‌కు రూపకల్పన చేసినవాడు లాల్‌చంద్ ఉస్తాద్. అన్ని కిటికీల గుండా అంతఃపుర స్త్రీలు వీథిని చూచినారని చెప్పి ఊరకుంటే సరిపోదు. ఆ సన్నని గోడ నిలబడునట్లు లెక్క కట్టిన మనిషికి 'ఉస్తాద్' అన్న మాట ఎందుకు దక్కినదో కూడా చెప్పవలెను. జైసింగ్ మహారాజు కూడా కేవలం రాజు కాడు. జైపూర్‌లోని ఆయన వేధశాల జంతర్ మంతర్‌లో సమ్రాట్ యంత్రం సుమారు 27 మీటర్ల ఎత్తుగల సూర్యగడియారం. ఆయన ఖగోళ పట్టికలు పారసీ భాషలో మొగలు చక్రవర్తి ముహమ్మద్ షా పేర వెలువడినవి. ఆయన ఆస్థానంలోని జగన్నాథ సమ్రాట్ యూక్లిడ్ రేఖాగణితాన్ని సంస్కృతంలోనికి తెచ్చినాడు. ఒకే ఆస్థానంలో పారసీ, సంస్కృతం ప్రక్కప్రక్కన పనిచేసిన ఈ చరిత్ర, ఉర్దూ తెలుగు రెండును చదువుకొను మన కళాశాలకు సింహాసనం కొలతల కన్న ఎక్కువ ఉపయోగకరం కాదా?

జైసల్మేర్‌కు పోదము. 1156లో రావల్ జైసల్ స్థాపించిన ఆ నగరం పసుపురంగు రాతితో మెరయుచుండును. అక్కడ రాతిపని చేయు కులవృత్తివారిని సిలావట్‌లు అంటారు. వారిలో ముస్లిములు పెక్కుమంది. 19వ శతాబ్దం చివరలో ఆ సంస్థానపు దివాను కొరకు కట్టిన నథ్‌మల్ హవేలీని ఇద్దరు అన్నదమ్ములు, హాథీ, లూలూ అనువారు చెక్కినారు. ఒకరు కుడి భాగం, మరియొకరు ఎడమ భాగం పంచుకొనినారు. దూరం నుండి చూస్తే రెండు భాగాలును ఒకే విధంగా కనబడుతవి. దగ్గరకు పోయి చూస్తే పువ్వుకు పువ్వుకు, తీగకు తీగకు తేడా ఉన్నది. తేడా ఉండియు హవేలీ ఒక్కటిగా నిలిచినది. ఈ తేడాను కనిపెట్టుటకు కనీసం ఒక గంట ఆ వీథిలో నిలువవలెను. బండి వేళకు పరుగెత్తువారికి అది సాధ్యం కాదు.

రెండవ ప్రశ్న ప్రజల స్థితి. జోధ్‌పూర్‌లోని ఉమైద్ భవన్ 347 గదుల మహాభవనం. 1929లో పునాది వేసి 1943లో పూర్తిచేసినారు. ఆంగ్లేయ వాస్తుశిల్పి లాంచెస్టర్ దానికి రూపమిచ్చినాడు. నేడు అందులో ఒక భాగం రాజకుటుంబపు నివాసం, ఒక భాగం హోటలు, ఒక భాగం వస్తుప్రదర్శనశాల. కరువుతో అలమటించిన మార్వాడ్ ప్రజలకు కూలి చూపుట కొరకు మహారాజా ఉమైద్ సింగ్ ఆ నిర్మాణాన్ని చేపట్టినాడు. అనగా ఆ భవనం ఒక కరువుపని. మన ప్రాంతాలలో కరువుకాలంలో రోడ్లు వేయించినట్లు, చెరువులు త్రవ్వించినట్లు, అక్కడ అంతఃపురం కట్టించినారు. దీనిని దాతృత్వమనవలెనా, లేక ఆ కూలితోనే చెరువులు త్రవ్వించి ఉండవలసినదని అనవలెనా? విద్యార్థులు తరగతిలో రెండు పక్షాలుగా నిలిచి వాదించదగిన విషయమిది. కాని ఆ వాదం జరుగవలెనన్న, పాలరాయికి ముందు కరువును గురించి వారికి తెలిసి ఉండవలెను.

ఎడారి ప్రజల జ్ఞాపకంలో అన్నింటి కంటె భయంకరమైనది 1899–1900 నాటి కరువు. విక్రమ శకం 1956లో వచ్చినది కావున దానిని 'ఛప్పనియా' అని నేటికిని చెప్పుకొంటారు. జైపూర్ రాజభవనంలో దర్శకులు తప్పక చూచు వస్తువు ఒకటి కలదు. ఒక్కొక్కటి 345 కిలోల బరువుగల రెండు వెండి గంగాళాలు అవి. 1902లో ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకానికి ఇంగ్లండు పోవుచు మహారాజా రెండవ మాధో సింగ్ గంగాజలాన్ని ఇట్టి పాత్రలలో నింపుకొని ఓడపై తీసికొని పోయినాడు. ఒక్కొక్క దానిలో సుమారు 4000 లీటర్లు పట్టును. ఛప్పనియా కరువు ముగిసిన రెండేండ్లకు జరిగిన ప్రయాణమిది. ఐతే తొందరపడి రాజును నిందింపరాదు. 1900లో దేశమంతటి కరువు బాధితుల కొరకు ఏర్పడిన ధర్మనిధికి 15 లక్షల రూపాయలిచ్చి మూలపురుషుడైనవాడు ఆ మాధో సింగే. గంగాళాలను అందరును చూస్తారు. ధర్మనిధిని గురించి వినువారు అరుదు. వెండి మాత్రమే చూపు యాత్ర ప్రజలకే కాక రాజుకు కూడా అన్యాయం చేస్తున్నదని మేము అనుట ఇందువలననే.

మూడవ ప్రశ్న నీరు. జైసల్మేర్‌లో ఏడాదికి పడు వాన సుమారు 200 మిల్లీమీటర్లకు మించదు. మన హైదరాబాదులో పడు దానిలో అది నాలుగవ వంతు. ఐనను అక్కడ శతాబ్దాల తరబడి ఒక నగరం నిలిచినది. 14వ శతాబ్దంలో త్రవ్విన గడీసర్ చెరువు ఊరికంతటికి త్రాగునీరిచ్చినది. ఇండ్ల మిద్దెలపై పడిన వానచుక్క నేలలోని తొట్లలోనికి చేరునట్లు కట్టుకొనినారు. పాలివాల్ బ్రాహ్మణులు పల్లపు భూములకు కట్టలు వేసి వాననీటిని నిలిపి, అది ఇంకిన తేమపై పంట పండించినారు. ఆ పద్ధతికి 'ఖడీన్' అని పేరు. రాజస్థాన్ అంతటను గల దిగుడుబావుల మెట్లు, మంటపాలు, చెక్కడాలు రాజభవనాలకు తీసిపోవు. బికనేర్ మహారాజా గంగా సింగ్ సట్లెజ్ నీటిని 1927లో కాలువ ద్వారా తన ఎడారికి తెచ్చినాడు. స్వాతంత్ర్యానంతరం 1958లో ఆరంభమైన రాజస్థాన్ కాలువ, తరువాత ఇందిరాగాంధీ కాలువ అని పేరు మారినది, జైసల్మేర్ జిల్లా వరకు నీరు చేర్చినది. ఎడారిలో ఏలినవారి గొప్పతనాన్ని ద్వారబంధాలలో కంటె నీటికట్టలలో వెదకుట న్యాయం.

ఈ నీటి కథకు ఒక విచారకరమైన మలుపు కలదు. జైసల్మేర్ కోట నేటికిని జనం కాపురముండు కోట. పూర్వం అక్కడి స్త్రీలు బిందెలతో నీరు మోసికొని కొండ ఎక్కేవారు. కావున ప్రతి చెంబు నీటికిని లెక్క ఉండెడిది. కుళాయిలు వచ్చినవి. సత్యజిత్ రాయ్ 1974లో తీసిన 'సోనార్ కెల్లా' చిత్రం తరువాత ఆ బంగారు కోటను చూచుటకు వంగదేశం నుండి జనం తరలివచ్చినారు. విదేశీయులును వచ్చినారు. కోట లోపలి ఇండ్లు వసతిగృహాలుగా మారినవి. స్నానశాలలు, మరుగుదొడ్లు పెరిగినవి. వాడిన నీరు పోవుటకు తగిన కాలువలు లేక కొండలోనికి ఇంకినది. రాతి క్రింద మెత్తని మట్టిపొరలు ఉన్నందున పునాదులు కదలినవి. 1990 దశకంలో కొన్ని బురుజులు కూలినవి. 1996లో ప్రపంచ స్మారక నిధివారు ఆపదలో ఉన్న కట్టడాల పట్టికలో ఆ కోటను చేర్చినారు. 2013లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిన రాజస్థాన్ గిరిదుర్గాలు ఆరింటిలో అది ఒకటి. శత్రువుల ముట్టడికి ఓర్చుకొనిన గోడలు అతిథుల స్నానపు నీటికి కదలినవన్న మాట. చూడవచ్చినవారే చూడవచ్చిన దానిని కరిగించు ప్రమాదం ఊహ కాదు. ఇది జరిగిన సంగతి. కోటను ప్రేమించు యాత్రికుడు కోట క్రిందనే బస చేయుట, వాడు నీటిని తగ్గించుకొనుట కనీస మర్యాద.

నాలుగవ ప్రశ్న నేటి బ్రతుకు. రాజభవనంలో భోజనవేళకు తలపాగాలు ధరించిన గాయకులు పాడుతారు. ప్రయాణికులు చప్పట్లు కొట్టుతారు. వారెవరో అడుగువారు తక్కువ. వారిలో పెక్కుమంది మాంగణియార్లు, లంగాలు. ఇద్దరును వంశపారంపర్యంగా సంగీతం వృత్తిగా గల ముస్లిములు. మాంగణియార్లకు తరతరాలుగా పోషకులైన జజ్మానులు ఎక్కువగా రాజపుత్రులు. ఆ ఇండ్లలో పురుడు వచ్చినను, పెండ్లి జరిగినను మాంగణియార్ పాడవలసినదే. వంశావళిని నోటితో నిలిపినవాడు కూడా అతడే. సూఫీల కలామ్‌ను, కృష్ణుని భజనను ఒకే గొంతుతో పాడుట వారికి వింత కాదు. వారి కమాయిచా అను తంత్రీవాద్యం నాదం ఒకసారి విన్నవారు మరువలేరు. హమీరా గ్రామానికి చెందిన కమాయిచా విద్వాంసుడు సాకర్ ఖాన్‌కు 2012లో పద్మశ్రీ లభించినది. ఈ గాయకుల విద్యను పట్టణ వేదికలకును, విదేశాలకును పరిచయం చేసిన కోమల్ కొఠారీ, కథకుడు విజయదాన్ దేథాతో కలిసి 1960లో బోరుందా గ్రామంలో రూపాయన్ సంస్థను నెలకొల్పినాడు. బికనేర్ ఆస్థానంలో పెరిగిన మాండ్ గాయని అల్లా జిలాయీ బాయికి పద్మశ్రీ వచ్చినది 1982లో, ఈ రైలుబండి బయలుదేరిన సంవత్సరంలోనే. బండిని గురించి లోకమంతట తెలిసినది. ఆమె పేరు మన విద్యార్థులలో ఎందరికి తెలియును?

జజ్మాని ఇంట తెల్లవారులు పాడు విద్వాంసుడు హోటలులో అరగంట పాడవలసి వస్తున్నది. పాట చిన్నదైనది, తెలిసిన నాలుగు పాటలే మరల మరల అడుగుచున్నారు. సొమ్ము వస్తున్నది నిజమే. సొమ్ము లేక విద్య నిలువదు. కాని ఆ విద్య పిల్లలకు దిగవలెనన్న నాలుగు పాటలు చాలవు. వినువారికి ఓపిక ఉండవలెను. మతం పేరిట మనుషులను విడదీయు మాటలు చెవిన పడుచున్న ఈ కాలంలో, ఒక మతంవారి ఇంటి శుభకార్యం మరియొక మతంవారి పాట లేక పూర్తికాదన్న సంగతిని మన విద్యార్థులు ఆ ఎడారిలో ప్రత్యక్షంగా చూడవచ్చును. ఏ పాఠ్యగ్రంథమును దీనికి సాటి రాదు.

రాజస్థాన్ మనకు కేవలం దూరదేశం కాదు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన దినాననే అజ్మీర్ రాష్ట్రం రాజస్థాన్‌లో కలిసి, ఆ రాష్ట్రం నేటి రూపానికి వచ్చినది. మీటరు గేజి నాళ్ళలో మన జంటనగరాల నుండి మీనాక్షి ఎక్స్‌ప్రెస్ ఖండ్వా, రత్లాం, చిత్తోర్‌గఢ్, అజ్మీర్ మీదుగా జైపూర్ పోయేది. ఖ్వాజా మొయినుద్దీన్ చిష్తీ దర్గాకు పోవు మన పెద్దలు రొట్టెలు మూటగట్టుకొని, పరుపుచుట్టలు పట్టుకొని ఆ బండిలోనే పోయినారు. గేజి మార్పిడితో ఆ బండి పోయినది. ఇతర మార్గాలలో ఇతర బండ్లు వచ్చినవి. ఆ పెద్దలకు సెలూను పెట్టెలు లేవు. కాని పెట్టెలో ఎదుట కూర్చున్న మార్వాడీ రైతుతోను, రాజపుత్ర సిపాయితోను రెండు రాత్రులు మాట్లాడుకొనినారు. తిరిగి వచ్చి వారు చెప్పిన కబుర్లలో కరువు ఉన్నది, నీరు ఉన్నది, మనుషులున్నారు.

ఈ చూపును ఇంటి దగ్గర కూడా అలవరచుకొనవచ్చును. 2010 నుండి హోటలుగా నడుచుచున్న ఫలక్‌నుమా భవనాన్ని చూచి మురియుటతో పాటు, 16వ శతాబ్దంలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో త్రవ్వించిన చెరువుకు సుల్తాను పేరు కాక, నిర్మాణం సాగించిన హుసేన్ షా వలీ పేర హుసేన్ సాగర్ అని ఎందుకు స్థిరపడినదో ఆలోచింపవలెను. రాజు పేరు వెనుకకు పోయి పని చేయించినవాని పేరు నిలిచిన ఆ చెరువు గట్టు మీద మనము నిత్యం తిరుగుచుండియు ఆ సంగతి తలచము.

ఇక కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం. ఏటేటా విజ్ఞానయాత్ర ప్రస్తావన వచ్చినపుడు ఎక్కువ ఊళ్ళు, మంచి హోటలు, ఏసీ బస్సు అను కోరికలు ముందుకు వస్తవి, ఖర్చు పెరుగుతుంది. ఆ రుసుము కట్టలేని విద్యార్థి 'ఇంట్లో పని ఉన్నది' అని చెప్పి ఆగిపోతాడు. అతని మాట నిజమని నమ్మినట్లు మనమందరమును నటిస్తాము. ఆడపిల్లల విషయం మరింత కష్టం. రుసుముతో పాటు తల్లిదండ్రుల భయం కూడా అడ్డు వస్తుంది. తరగతిలో సగంమంది చూడని యాత్రను విజ్ఞానయాత్ర అనుట ఎట్లు? చక్రాలపై రాజభవనాన్ని మనము తెచ్చుకొనలేదు; కాని దాని న్యాయాన్ని, అనగా కొనగలవాడే చూడవలెనన్న న్యాయాన్ని, మన ఆవరణలోనికి తెచ్చుకొనినాము.

కావున మా సూచనలు ఇవి. యాత్రకు ఒకటి రెండు నగరాలు చాలును. ఒక్కొక్క చోట కనీసం 2 దినాలు నిలువవలెను. ప్రయాణం మామూలు రైలులో, స్లీపరు పెట్టెలో జరుగవలెను; విద్యార్థులకు రైల్వేవారిచ్చు రాయితీల నియమాలను ముందుగానే విచారించవలెను. రుసుము కట్టలేనివారి కొరకు కమిటీ, పూర్వ విద్యార్థులు, అధ్యాపకులు కలిసి ఒక నిధి ఏర్పరచవలెను. ఎవరికి సహాయం అందినదో బయటపడరాదు. అధ్యాపికలు తప్పక వెంట ఉండి, ముందుగా తల్లులతో మాట్లాడవలెను. బయలుదేరుటకు ముందు గ్రంథాలయంలో నాలుగు వారాలు ఆ నగరాన్ని గురించి చదివించవలెను. అక్కడ ఒక పూట రాతిపనివారితోనో, గాయకులతోనో గడిపి, వారి కాలానికి తగిన పారితోషికం ఇవ్వవలెను. తిరిగి వచ్చిన తరువాత పైన చెప్పిన నాలుగు ప్రశ్నలకు సమాధానాలు కొందరు తెలుగులోను, కొందరు ఉర్దూలోను వ్రాసి ఈ సంచికలోనే ప్రకటించవలెను.

ఇందుకు ఒక ఆక్షేపణ రావచ్చును. పిల్లలు సంతోషం కొరకు పోతుండగా వారిపై కరువును, నీటిలెక్కలను మోపుట ఎందుకని కొందరు అడుగవచ్చును. సంతోషం వద్దని మేము అనము. అద్దాల గదిలో ఒక్క దీపం వెలిగిస్తే వేయి దీపాలు కనబడుటను చూచి ఆనందింపని యువకుడెవరు? కాని ఆ అద్దం ముక్కను అతికించిన చేతిని తలచినందువలన ఆ వెలుగు తగ్గదు. పైగా విద్యార్థికి అక్కడ తన స్థానం దొరుకుతుంది. రాజవంశంలో పుట్టినవారు మన తరగతులలో ఎవ్వరును లేరు. తాపీపనివారి, నేతపనివారి, దర్జీల, రైతుల, చిరు వర్తకుల బిడ్డలే మన విద్యార్థులు. రాజు కథ ఒక్కటే వింటే వారు చరిత్రకు వెలుపలి ప్రేక్షకులు. ఉస్తాద్ లాల్‌చంద్‌ను, హాథీ లూలూలను, సాకర్ ఖాన్‌ను తెలిసికొంటే చరిత్ర తమ ఇంటిదని వారికి తోచును.

విద్యార్థులారా! ఏనాడైనా ఆ రాజబండి ఎక్కు భాగ్యం మీకు కలిగితే ఎక్కండి. మాకు అసూయ లేదు. కాని దిగిన ప్రతి ఊరిలోను మార్గదర్శకుని ఒక ప్రశ్న అడుగండి. ఈ ఊరివారు ఎక్కడి నీరు త్రాగుచున్నారని అడుగండి. అతడు చేయి చూపిన వైపునకు పోయి ఆ చెరువును కూడా చూచి రండి.